బొమ్మల కథలో పాత వీరుడు

లేపాక్షి వీరభద్రాలయపు నాట్యమంటపంలో పైకప్పు చిత్రాలను చూడబోయినవాడు ఒకచోట నిలబడి చూచి తృప్తిపడలేడు. మెడ వెనుకకు వాల్చి, అడుగులో అడుగు వేస్తూ, చిత్రపు పట్టీ వెంట నడవవలసినదే. అక్కడి కిరాతార్జునీయం అట్లా నడిచి చదువుకోవలసిన కథ. తపస్సులో ఉన్న అర్జునుడు ఒకచోట, పందిపై విల్లెక్కుపెట్టిన అర్జునుడు మరొకచోట, కిరాతవేషధారియైన శివునితో తలపడిన అర్జునుడు ఇంకొకచోట. ఒకే మనిషి ఇన్నిసార్లు కనిపించినా, ‘ఇందరు అర్జునులేమి?’ అని ఏ బాలుడూ అడగడు. తన అడుగు ముందుకు పడినప్పుడు కథలో కాలమూ ముందుకు జరిగినదని ఎవరూ చెప్పకుండానే వానికి తెలిసిపోతుంది. కామిక్ పుస్తకం చదవడానికి కావలసిన విద్య అంతా ఈ ఒక్క గ్రహింపులోనే ఉన్నది.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించిన ఆలయమది. అంటే దాదాపు 500 ఏళ్ల కిందటి మాట. బొమ్మల వరుసలో వీరుని కథ చెప్పడం నిన్న మొన్న విదేశాలనుండి దిగుమతి అయిన సరుకని తలచేవారు ఒకసారి ఆ మంటపంలో నాలుగడుగులు వేసి రావడం మంచిది. 2022లో ఈ ఆలయం యునెస్కో వారి తాత్కాలిక జాబితాకు ఎక్కినది. దానితో వచ్చిపోయేవారు పెరిగితే సంతోషమే. కాని బడిపిల్లలను అక్కడికి తీసుకొనిపోయే పంతుళ్లు ఏకశిలా నందిని, వేలాడే స్తంభాన్ని చూపించి, పైకప్పును మరచి తిరిగి రావడమే ఎక్కువ.

ఈ ప్రస్తావనకు కారణం లేకపోలేదు. పాత బొమ్మల కథలను, అందలి వీరులను ఈ కాలపు పాఠకులకోసం మళ్లీ అచ్చులోకి తేవాలన్న కోరిక పలుచోట్ల వినిపిస్తున్నది. కొందరికి చందమామలోని విక్రమార్కుడు కావాలి. కొందరికి ఇంద్రజాల్ కామిక్స్‌లోని ఫాంటమ్ కావాలి. కోరేవారిలో నలుపు తలలకంటె నెరసిన తలలే హెచ్చు. అది తప్పు కాదు. చిన్ననాడు ప్రేమించినదాన్ని మనుమలకు చూపాలనుకోవడం సహజమే. అయితే ‘ఈ కాలపు పిల్లలకోసం’ అని చెప్పుకొనే ప్రతి ప్రయత్నమూ పిల్లలకోసమేనా, లేక తాతలు తమ బాల్యాన్ని తాము కొనుక్కోవడమా అన్న ప్రశ్న వేసుకోక తప్పదు.

ముందుగా ఆ విదేశపు వీరుని సంగతి చూడవచ్చును. ఫాంటమ్‌ను లీ ఫాక్ అనే అమెరికా రచయిత 1936లో దినపత్రికలకోసం సృష్టించినాడు. సముద్రపు దొంగలు తండ్రిని చంపగా బ్రతికి బయటపడిన ఒక యువకుడు, దుర్మార్గాన్ని ఎదిరిస్తానని హంతకుని కపాలం మీద ప్రమాణం చేస్తాడు. అతని తరువాత కొడుకు, ఆ తరువాత మనుమడు అదే ముసుగు, అదే ఉంగరం ధరిస్తూ వస్తారు. కథ నడిచే కాలానికి ఇరవై ఒకటవ తరంవాడు ఆ పని చేస్తున్నాడు. అడవిలోని జనంలో చాలామందికి ఈ రహస్యం తెలియదు. ఆయనకు చావు లేదని వారి నమ్మకం. ముసుగు ఒక్కటే. లోపలి మనిషి మాత్రం మారుతూ ఉంటాడు. పాత వీరుని పునరుద్ధరణ అనే మాటకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానం దొరకదు.

1964లో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ ఇంద్రజాల్ కామిక్స్ ఆరంభించినప్పుడు మొదటి సంచికలోనే ఈ వీరుడు మన దేశానికి వచ్చినాడు. వచ్చినప్పుడే కొంత మారి వచ్చినాడు. మూలంలో అతని దేశం పేరు బెంగాల్‌ను తలపిస్తుంది. ఇక్కడి పాఠకులకు నొప్పి కలుగునేమోనని దానిని ‘డెంకాలి’ చేసినారు. మూలంలోని దొంగల ముఠా పేరులో ‘సింగ్’ ఉన్నది. దానిని ‘సింగా’ అని దిద్దినారు. హిందీలో వీరుని పేరే ‘వేతాళ్’ అయినది. అంటే విక్రమార్కుని భుజమెక్కి కథలు చెప్పిన ప్రేతం పేరు ఒక విదేశపు వీరునికి దక్కినదన్నమాట! ఇంతకంటె విచిత్రమైన దత్తత తెలుగుదేశపు జమీందారీలలో కూడా జరిగి ఉండదు. 1990లో ఇంద్రజాల్ నిలిచిపోయేవరకు ఈ మార్పులను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కథ నడకకు అవి అడ్డురాలేదు గనుక.

ఇక విక్రమార్కుని కథ వేరు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ఆరంభించిన చందమామలో ఆయన అనేక దశాబ్దాలపాటు నెలనెలా చెట్టు దగ్గరకు వెళ్లివచ్చినాడు. ఖచ్చితంగా చెప్పవలసి వస్తే చందమామ కథలు కామిక్ పద్ధతివి కావు. అవి బొమ్మలు తోడైన కథలు. అయినా శంకర్‌గారు గీసిన ఆ రూపం, చేత దూసిన కత్తి, భుజాన శవం, పాఠకుని మనస్సులో ఎంత గాఢంగా నాటుకొన్నదంటే, ఏ అమెరికా వీరుని అంగీమీది ముద్రయూ దానికి సాటి రాదు. శంకర్‌గారు 2020లో కన్నుమూసినారు. అంతకు ఏడెనిమిది ఏళ్ల ముందే చందమామ ఆగిపోయినది.

ఈ బేతాళ కథల చరిత్రలో పునరుద్ధరణవాదులు గమనింపవలసిన అంశమొకటి ఉన్నది. 11వ శతాబ్దంలో సోమదేవుని కథాసరిత్సాగరంలో ఈ రాజు పేరు త్రివిక్రమసేనుడు. అక్కడ కథలు పాతికకు లోబడినవే. తండ్రి కూతురునూ, కొడుకు తల్లినీ పెండ్లాడితే వారి బిడ్డల వావి ఏమి అన్న చిక్కుప్రశ్నకు రాజు నోట జవాబు రాదు. అతడు మౌనంగా నడచిపోతాడు. అక్కడితో ఆట ముగుస్తుంది. చందమామవారు ఆ ముగింపును ఒప్పుకొని ఉంటే రెండేళ్లలో ఆ శీర్షిక మూతపడవలసినది. వారు చేసినది వేరు. చెట్టు, శవం, కత్తి, ప్రశ్న, మౌనభంగం అనే చట్రాన్ని యథాతథంగా ఉంచి, లోపలి కథలను కొత్తగా పుట్టించినారు. 1952 నుండి 1980లో చనిపోయేవరకు సంపాదకత్వం వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారు ప్రాచీనతను గుడ్డిగా కొలిచే మనిషి కారన్నది అందరికీ తెలిసినదే. అయినా ఆయన రాజుకు తుపాకి ఇవ్వలేదు, బేతాళునికి టోపీ పెట్టలేదు. ప్రశ్నను మాత్రం నెలనెలా మార్చినారు. పునరుద్ధరణ అంటే ఇదే. ఆ పని తెలుగులో ఒకసారి జయప్రదంగా జరిగినదని మరచి, ఇప్పుడు దానిని ఎట్లా చేయాలో అని వెదుకులాడడం చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదకడమే.

విక్రమార్కుని బలం కండలలో లేదు. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే శవం చెట్టెక్కుతుంది. తెలివే అతని బలం, తెలివే అతని ఓటమి. తరగతి గదికి ఇంతకంటె తగిన వీరుడు లేడు. బేతాళుడు ప్రశ్న వేసినచోట పుస్తకం మూసి పిల్లలచేత జవాబు చెప్పించే ఉపాధ్యాయునికి వ్యాకరణ పాఠంలో దొరకని మాటల ధార ఆ గంటలో దొరుకుతుంది. రాజు చెప్పిన తీర్పుకు ఎదురుతిరిగే బాలిక ఒకతె ప్రతి తరగతిలోనూ ఉంటుంది. ఆ బాలికకోసమైనా ఈ కథలు మళ్లీ రావాలి.

పిల్లలను ఆకర్షించడానికి వీరుని వేషం మార్చాలని కొందరంటారు. ఈ మందు కొత్తది కాదు. 1938లో పుట్టిన సూపర్‌మాన్ కథను 1986లో మొదటినుండి మళ్లీ చెప్పించినారు. 2004లో స్పైడర్‌మాన్‌కు పవిత్ర్ ప్రభాకర్ అని నామకరణం చేసి, ధోవతి కట్టించి, ముంబయి వీధులలో దూకించినారు. అమెరికాలో సాలెపురుగు కుట్టడంవల్ల వచ్చిన శక్తి ఇక్కడ ఒక యోగి వరంవల్ల వచ్చినది. నాలుగు సంచికలతో ఆ ముచ్చట తీరినది. ధోవతి కట్టినంతమాత్రాన కథకు ఊరు ఏర్పడదు. విక్రమార్కుని మోటారు సైకిలెక్కిస్తే ఆయన ఈ కాలంవాడు అయిపోడు. ఆ కాలంవాడు కాకుండా మాత్రం పోతాడు.

మరి కొత్తదనం ఎక్కడ పెట్టాలి? దీనికి జవాబు ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఉన్నది.

నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. మేకతోలును గీచి, పలుచన చేసి, వెలుతురు చొరబడేటట్లు చేసి, దానిమీద గీత గీసి, రంగులు నింపి, నగలున్నచోట సన్నని రంధ్రాలు పొడుస్తారు. తెరవెనుక దీపం వెలిగినప్పుడు ఆ రంధ్రాలే రత్నాలవుతాయి. ఆ కుటుంబాలవారు ఇళ్లలో ఒక విధమైన మరాఠీ మాట్లాడుకొంటారు. తెరమీద మాత్రం తెలుగు, అందులోనూ రంగనాథ రామాయణపు ద్విపద. ఇంటి భాష వేరైనవారు తెలుగు ద్విపదను తరతరాలుగా నోట నిలుపుకొన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయిన నేటి పిల్లలను చూచి నిట్టూర్చేవారు ఈ విషయం ఆలోచింపదగినది. భాష ఇంటివల్లనే కాక ఆటవల్ల కూడా నిలుస్తుంది.

తోలుబొమ్మలాటలో అసలైన మహావీరుడు హనుమంతుడు. ఆయనకు ఒక్క బొమ్మ చాలదు. సన్నివేశాన్నిబట్టి వేరువేరు పరిమాణాలలో బొమ్మలు ఉంటాయి. యుద్ధం వచ్చినప్పుడు కాళ్లకింది చెక్కలు దడదడలాడుతాయి. సముద్రం దాటేవాడు, కొండ మోసేవాడు, ఒళ్లు పెంచేవాడు, కుదించేవాడు! ముసుగు, అంగీ లేని లోటు తప్ప, అమెరికా వీరులకుండే లక్షణాలన్నీ ఉన్నవాడు. ఈ వీరుని భాషను గాని, రూపాన్ని గాని ఆటగాండ్లు కాలాన్నిబట్టి మార్చలేదు. కాని ఆటలో కాలపు సంగతులు లేకుండా పోలేదు. ఆ పనికి జుట్టుపోలిగాడు, బంగారక్క ఉన్నారు. వాళ్లు రామాయణం మధ్యలో అడ్డంగా దూరివచ్చి, ఊరి తగాదాలు, ధరల పెరుగుదల, మొగుడు పెళ్లాల కొట్లాట, అన్నీ నేటి మాటలలో, ఒక్కొక్కప్పుడు మోటు మాటలలో వినిపించి పోతారు. హనుమంతుడు ద్విపదలో పలుకుతాడు. పోలిగాడు సంతలో పలికినట్లు పలుకుతాడు. రెండూ ఒకే తెరమీద ఇముడుతాయి.

పాత బొమ్మల కథను మళ్లీ వేసేవారు అనుసరింపవలసిన పద్ధతి ఇదే. విక్రమార్కుని మాటలను చప్పని వాడుకలోకి దించనక్కరలేదు. పుట అంచున ఒక పోలిగానిని నిలబెట్టి, ‘శ్రమణకుడంటే ఎవరే బంగారక్కా?’ అని అడిగించి, బంగారక్కచేత అర్థం చెప్పిస్తే సరిపోతుంది. కఠిన పదాల పట్టిక పుస్తకం చివర వేస్తే ఏ పిల్లవాడూ చూడడు. గయ్యాళి బంగారక్క చెబితే వింటాడు. చందమామ భాషను సులభం చేయడం అనవసరమన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అది మొదటే సులభమైన భాష. సులభమైనా చవకబారు కాదు.

నిమ్మలకుంటనుండి నేర్వవలసినది ఇంకొకటి ఉన్నది. అది సంతోషకరమైనది కాదు. సినిమా, టెలివిజను వచ్చిన తరువాత ఆటకు పిలుపులు తగ్గినవి. బొమ్మలు చేసే చేతులు దీపాలకు తొడుగులు, గోడకు వేలాడే పటాలు చేయడం నేర్చినవి. దానితోనే కళ బ్రతికినది. 2020లో నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ పురస్కారం వచ్చినది. కడుపు నింపే మార్గాన్ని ఎంచుకొన్నందుకు వారిని తప్పుపట్టేవాడు మూర్ఖుడు. అయినా పట్టణపు మేడలో దీపపు తొడుగుమీద ఉన్న హనుమంతుని చూచినప్పుడు ఒక వెలితి తోస్తుంది. రంగులు అవే, రంధ్రాలు అవే, లోపలి వెలుగూ అదే. కథ లేదు. సముద్రం ముందు లేదు, లంక వెనుక లేదు. చేయి కదలదు. చెక్కల చప్పుడు లేదు.

పాత కామిక్కుల పునర్ముద్రణలో చాలాభాగం ఈ దీపపు తొడుగు దారిలోనే పోతున్నది. దళసరి అట్ట, నున్నని కాగితం, వేల రూపాయల ధర, కొన్నవాని అద్దాల బీరువాలో శాశ్వత నివాసం. పిల్లవాని చెయ్యి తగిలితే ఎక్కడ నలుగునో అని ఇంటాయనకు బెంగ! చిరిగిపోయేంతగా చదివినందువల్లనే పాత సంచికలు నేడు దొరకడంలేదన్న సంగతి ఆయనకు గుర్తులేదు. శివకాశినుండి వచ్చే తమిళ కామిక్కుల సంగతి కొంత భిన్నం. 1972లో ముత్తు కామిక్స్‌వారు ఒక ఆంగ్లేయ కథను ‘ఉక్కుచేతి మాయావి’గా తమిళులకు పరిచయం చేసినారు. ఆ తరువాత 1984లో లయన్ కామిక్స్ వచ్చినది. పాతవి మళ్లీ వేసినా, కొత్త కథలూ తెస్తూ వచ్చినందువల్ల అక్కడ చదివే అలవాటు తెగిపోలేదు. తెలుగులో తెగినది ఆ తాడే. ఒక్క పుస్తకాన్ని ఎంత అందంగా అచ్చువేసినా అది ముడిపడదు. నెలనెలా రావాలి. వచ్చే నెల ఏమవుతుందో అని పిల్లవాడు నిరీక్షించాలి. తోకచుక్క మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యంగారు చందమామకు రాసిన ధారావాహికలు, వాటికి ‘చిత్ర’గారి బొమ్మలు, ఒక తరాన్ని పట్టి కట్టివేసినది ఆ నిరీక్షణతోనే.

పాత కథలలోని దోషాల మాట దాటవేయరానిది. ఫాంటమ్ కథలో అడవి జనంలో చాలామంది ఒక తెల్లవానిని చావులేనివాడని నమ్మి బ్రతుకుతారు. ఇది వలసపాలకుని పగటికల. మన బొమ్మల కథలలో రాక్షసులకు నలుపు, నాయికలకు తెలుపు కేటాయించడం అంతకంటె గొప్ప విషయమేమీ కాదు. నల్లని పిల్లలే నిండిన తరగతిలో ఆ పుస్తకం పంచే ఉపాధ్యాయుడు ఒక్క నిమిషం ఆలోచింపవలసి ఉన్నది. బెల్జియం చిత్రకారుడు ఎర్జే 1930లో మొదలుపెట్టిన టిన్‌టిన్ కాంగో కథలో, ఆఫ్రికా పిల్లలకు ‘మీ దేశం బెల్జియం’ అని పాఠం చెప్పించినాడు. 1946లో రంగుల ముద్రణకోసం తిరిగి గీసినప్పుడు ఆ పాఠాన్ని తీసివేసి కూడికల లెక్క పెట్టినాడు. తన తప్పును తాను దిద్దుకోవడం రచయితకు ఉన్న హక్కు. చనిపోయినవాని బొమ్మమీద మరొకడు రంగు పులమడం మాత్రం వేరు. పాతదాన్ని ఉన్నదున్నట్లు వేసి, ముందు ఒక పుటలో నిజం చెప్పడం మేలు. కొత్తగా గీసే కథలలో మాత్రం పాత అలవాటును కొనసాగించడానికి ఏ సాకూ చెల్లదు.

చారిత్రక పురుషులను అజేయ వీరులుగా మార్చి బొమ్మల కథలు రాయాలని కొందరి ఉబలాటం. పెనుకొండ కోట ఎక్కిన పిల్లలకు కృష్ణదేవరాయలు ఆకాశంలో ఎగిరినట్లు చూపనక్కరలేదు. 1565 యుద్ధంలో ఓడిన తరువాత విజయనగరపు రాజులు వచ్చి తలదాచుకొన్న రాజధాని అది. ఓటమి తరువాత కూడా రాజ్యం ఎట్లా నడిచినది, కోటలు ఎట్లా బాగుచేసుకొన్నారు, కవులు ఎక్కడికి పోయినారు అన్నదే అక్కడి కథ. ఎగిరే వీరునికి ఆ కథలో పని లేదు. గగనమహలు గోడలను చూస్తే ఆ సంగతి బోధపడుతుంది.

ధర్మవరపు మగ్గంమీద పాత అంచును మళ్లీ నేయవలసి వచ్చినప్పుడు నేతగాడు జాకార్డు అట్టల వరుసను చెడగొట్టడు. ఒక్క అట్ట తారుమారైతే హంస మెడ విరుగుతుంది. రంగు మాత్రం ఈ కాలపు ఆడపిల్ల కోరినదే వేస్తాడు. ఏది అట్ట, ఏది రంగు అని తేల్చుకోవడమే సంపాదకుని పని. విక్రమార్కుని విషయంలో చెట్టు, శవం, ప్రశ్న, రాజు నోరు విప్పడం ఇవి అట్టలు. రాజు ఏ ఊరి తగాదాకు తీర్పు చెబుతాడన్నది రంగు. మగ్గానికి అప్పుపడిన నేతగాని ఇల్లు, బోరుబావి ఎండిన రైతు చేను, నీళ్లకోసం రెండు ఊర్ల పోట్లాట, వీటిలో బేతాళుడు అడుగదగిన ప్రశ్నలు లేకపోలేదు. జవాబు తెలిసికూడా చెప్పనివారి తలలు పగిలే ఏర్పాటు మాత్రం కథలోనే సాధ్యం.

ఇక మిగిలినది హక్కుల చిక్కు. 2007లో చందమామ చేతులు మారినది. ఆ తరువాత కొన్నేళ్లకు నిలిచిపోయినది. మన దేశపు చట్టం ప్రకారం రచయిత, చిత్రకారుడు మరణించిన తరువాత 60 ఏళ్లవరకు హక్కులు ఉంటాయి. ఆ లెక్కన 2020లో పోయిన శంకర్‌గారి బొమ్మలు 2080 దాటితేగాని అందరి సొత్తు కావు. అంతవరకు ఈ ప్రాంతపు బడిపిల్లలు కాచుకొని ఉండలేరు. శంకర్‌గారి బొమ్మ ఆయనదే. కాని విక్రమార్కుడు, బేతాళుడు, శ్మశానంలోని ఆ చెట్టు ఎవరి సొత్తూ కావు. సోమదేవుడు కూడా వాటిని పూర్వులనుండి తీసుకొన్నవాడే. హిందూపురంలోనో ధర్మవరంలోనో చిత్రలేఖనం వచ్చిన ఒక ఉపాధ్యాయుడు, కథ అల్లగల మరొక ఉపాధ్యాయుడు, పోలిగాని రూపం గీసి ఇవ్వగల నిమ్మలకుంట పనివాడొకడు కలిస్తే, ఎనిమిది పుటల బొమ్మల కథ నెలకొకటి వెలువరించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మొదటి సంచికలో గీతలు వంకరగానే ఉండవచ్చును. ప్రశ్న సరిగా ఉంటే పిల్లలు వంకరలను క్షమిస్తారు. ధర పది రూపాయలు దాటరాదు.